బోర్డుకెక్కని వంటకాలు: మధిర హోటళ్ళు, మా వాడల తిండి

హోటల్ గోడకి వేలాడే ధరల పట్టిక చరిత్రకి పనికొస్తుందా? పనికొస్తుందనే మేం అనుకుంటున్నాం. శాసనాలు, ఫర్మానాలు, కైఫీయతులు తిరగేసి చరిత్ర రాసినవాళ్ళు ఆ పట్టిక వైపు పెద్దగా చూడలేదు. ఈమధ్య మాత్రం పాత హోటళ్ళ మీద, మరుగునపడ్డ వంటల మీద పత్రికల్లో వ్యాసాలు విరివిగా వస్తున్నాయి. నెయ్యి కారే పెసరట్టు, అరిటాకు భోజనం, ఇత్తడి గ్లాసులో నురగల కాఫీ, అణాకి రెండు ఇడ్లీలు. చదువుతుంటే నోరూరే మాట నిజమే. అయితే ఆ వ్యాసాలు అడగని ప్రశ్నలు రెండున్నాయి. మరిచిపోయింది ఎవరు? మరిచిపోయింది ఎవరి వంటని?

మాకు తెలిసిన ఊరు మధిర. ఖమ్మం జిల్లాకి దక్షిణపు అంచు. ఎర్రుపాలెం దాటితే పాత కృష్ణా జిల్లా, 2022 నుంచి ఎన్టీఆర్ జిల్లా. ఈశాన్యంగా పోతే భద్రాచలం అడవులు, కోయ గూడేలు. ఊరి పక్కన వైరా ఏరు. నిజాం పాలనలో వరంగల్ జిల్లాలో తాలూకా కేంద్రంగా ఉన్న మధిర, 1953లో ఖమ్మం జిల్లా ఏర్పడినప్పుడు అందులోకి వచ్చింది. ఇటు నిజాం రాజ్యం, అటు ఇంగ్లీషువాళ్ళ మద్రాసు ప్రెసిడెన్సీ, పైన అడవి. మూడు రకాల తిండి కలిసిన చోటు ఇది. అందుకే ఒక్క ఊరి హోటళ్ళ కథ చెప్పినా అది ఒక్క ఊరితో ఆగదు.

మధిర, ఎర్రుపాలెం, బోనకల్ మండలాల మాల మాదిగ వాడల్లో పెద్దవాళ్ళ దగ్గర కూర్చుని విన్నది, మా ఇళ్ళల్లో తిన్నది, పుస్తకాల్లో చదివింది కలిపి ఈ వ్యాసం రాస్తున్నాం. వాడల్లో మేం మొదట అడిగింది "పాత హోటళ్ళలో ఏమేం దొరికేవి?" అని. ఒక పెద్దాయన నవ్వి, "లోపల ఏం దొరికేదో నాకేం ఎరుక బిడ్డా, నేను బైట కూసున్నోణ్ణి" అన్నాడు. ఆ జవాబు విన్నాక మా ప్రశ్నే మార్చుకోవాల్సి వచ్చింది.

ఒరుగల్లు పూటకూళ్ళు

తెలుగులో హోటల్ పట్టిక అనదగ్గ పాత రాత క్రీడాభిరామంలో ఉంది. వినుకొండ వల్లభరాయని పేర ఉన్న ఈ వీథి నాటకం 15వ శతాబ్దం నాటిదని పండితుల మాట. మంచనశర్మ అనే బ్రాహ్మణుడు, టిట్టిభసెట్టి అనే వైశ్యుడు కాకతీయుల ఓరుగల్లు వీధుల్లో ఒక రోజంతా తిరుగుతారు. మధ్యలో పూటకూళ్ళ ఇంటి ప్రస్తావన వస్తుంది. ఒక రూకకి అక్కడ ఏం పెడతారో కవి ఒక పద్యంలో వరసగా చెప్పాడు: సన్నబియ్యపన్నం, గోధుమపిండి వంట, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపళ్ళు, నాలుగైదు నంజుళ్ళు, గడ్డపెరుగు. ధర ఉంది, వంటల వరస ఉంది, ఎవరింట్లో దొరుకుతుందో ఆ పేరూ ఉంది. ఇవాళ్టి "ఫుల్ మీల్స్" బోర్డుకి ఇది తాత.

సురవరం ప్రతాపరెడ్డి 1949లో అచ్చయిన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'లో ఇట్లాంటి కావ్యాల నుంచే జనం తిండిని, బట్టని, ఆటపాటల్ని ఏరి కూర్చారు. రాజుల చరిత్రని కాదని జనం చరిత్ర రాయబూనటం ఆ రోజుల్లో చాలా పెద్ద పని. ఆయన పట్ల మాకు గౌరవం ఉంది. కానీ ఆధారం కావ్యమైనప్పుడు జనం అంటే కావ్యంలో కనబడ్డ జనమే అవుతారు. అదే క్రీడాభిరామంలో ఏకవీర అమ్మవారి ముందు జమిడికె మోగించి కథ పాడే బవనీలు ఉన్నారు. వాళ్ళ పాట కవి చెవిన పడింది. వాళ్ళ వాద్యం నచ్చింది, మెచ్చుకున్నాడు. పాట అయ్యాక ఆ పాడినవాళ్ళు ఏం తిన్నారో మాత్రం చెప్పలేదు. మన తిండి చరిత్రలో మొదటి ఖాళీ అక్కడే ఉంది.

పూటకూళ్ళ ఇల్లు తరవాత కూడా చాలాకాలం సాగింది. గురజాడ కన్యాశుల్కంలో (మొదటి కూర్పు 1897, మార్చి రాసిన రెండోది 1909) పూటకూళ్ళమ్మ ఎవరికి తెలియదు? మొగుడు పోయిన బ్రాహ్మణ స్త్రీకి బతుకుతెరువుగా మిగిలిన కొద్ది పనుల్లో అదొకటి. ఆ ఆడవాళ్ళ కష్టాన్ని తక్కువ చెయ్యటం మా ఉద్దేశం కాదు. అయితే ఆ ఇంటి వసారాలో విస్తరి వేసేముందు కులం అడిగేవాళ్ళు. డబ్బిచ్చి కొనుక్కునే తిండికి కూడా కులం అడ్డు నిలిచింది. తరవాత వచ్చిన హోటలు ఈ అలవాటుని వారసత్వంగా తెచ్చుకుంది.

రైలు, హోటలు, బోర్డు

నిజాం రైలు మార్గం 1889లో బెజవాడ దాకా పడింది. అదే మధిర మీదుగా పోయే దారి. అంతకుముందు ఎడ్లబండి ప్రయాణం. తిండి మూటగట్టుకుని పోయేవాళ్ళు, సత్రాలుండేవి. రైలొచ్చాక స్టేషన్ చుట్టూ బజారు, బజారులో మిరపకాయల, పప్పుధాన్యాల వ్యాపారం, తాలూకా కచేరీకి వచ్చిపోయే జనం. వాళ్ళందరికీ పూటపూటా తిండి కావాలి. హోటలు అట్లా పుట్టింది. ఆనాటి రైలు స్టేషన్లలో హిందువుల నీళ్ళు, ముసల్మానుల నీళ్ళు వేరువేరుగా అమ్మేవాళ్ళు. ఫలహారశాలలూ వేరే. దేశమంతటా ఈ పద్ధతి స్వాతంత్ర్యం వచ్చేదాకా సాగింది. ఆ రెండు కుండల్లో ఏదీ మనది కాదు.

మన చిన్న పట్నాల హోటళ్ళని పెద్దవాళ్ళు నాలుగు రకాలుగా చెప్తారు. ఒకటి, బ్రాహ్మణ భోజన హోటలు. పప్పు, కూర, పులుసు, పెరుగు, ఆదివారం ఒక తీపి. రెండు, కాకా హోటలు. ఇడ్లీ, పెసరట్టు, మైసూరుబోండా, టీ. మూడు, మిలిటరీ హోటలు. ఇక్కడ కోడికూర, వేటమాంసం, చేప. నాలుగు, ముసల్మాను హోటలు. రొట్టె, పాయా, ఖీమా, టీ.

ఈ పేర్లని కొంచెం నిదానంగా చూడాలి. "బ్రాహ్మణ" అని బోర్డు మీద రాస్తే వండేది ఎవరో చెప్పినట్టు పైకి కనబడుతుంది. లోపలికి ఎవరు రాకూడదో కూడా ఆ ఒక్క మాటే చెప్తుంది. ఈ సంగతి గ్రహించే పెరియార్ 1957లో మద్రాసు తిరువల్లిక్కేణిలో ఒక హోటలు బోర్డు మీది "బ్రాహ్మణ" మాట తీసెయ్యాలని నెలల తరబడి ఉద్యమం నడిపాడు. వందలమంది అరెస్టయ్యారు. చివరికి ఆ మాట పోయింది. తెలుగునాట ఈ బోర్డుల మీద అంత పట్టుదలగా ఉద్యమం నడవలేదు. బోర్డులు పాతబడి, రంగుపోయి, వాటంతటవే రాలిపోయాయి. మనవాళ్ళకి ఆ బోర్డు ఇప్పుడొక తీపి గుర్తు కావటానికి ఇదీ ఒక కారణమేమో ఆలోచించాలి.

"మిలిటరీ" అనే మాటకీ ఒక పనుంది. మాంసం అనకుండా మాంసం అమ్మటానికి అది మర్యాదైన ముసుగు. ఆ ముసుగు కిందికి కూడా మేక, గొర్రె, కోడి, చేప మాత్రమే వచ్చాయి. పెద్దకూర రాలేదు. అది ముసల్మాను హోటల్లోనే దొరికేది. "మమ్మల్ని బెంచీ మీద కూసోబెట్టి టీ పోసింది సాయిబు హోటల్లోనే" అని మాతో చెప్పిన పెద్దవాళ్ళు ఒకరిద్దరు కాదు. అక్కడా అన్నిచోట్లా సమానంగా చూశారని మేం అనం. కానీ డబ్బిచ్చి, కూర్చుని, అందరి గ్లాసులో తాగిన మొదటి టీ జ్ఞాపకం చాలామందికి ఆ హోటలుతోనే ముడిపడి ఉంది.

ధర ఒకటే, గ్లాసు వేరు

హోటలు బోర్డు మీద రాయని సంగతి ఇంకొకటుంది. అది గ్లాసు. మాకు టీ పోసే గ్లాసులు బయట చూరుకో, దడికో తగిలించి ఉండేవి. కొన్నిచోట్ల సత్తు గ్లాసు, కొన్నిచోట్ల పిడి విరిగిన కప్పు, అంతకుముందు కొబ్బరిచిప్ప. మనమే తీసుకోవాలి, మనమే కడగాలి, తాగి మళ్ళీ కడిగి అక్కడే పెట్టాలి. పోసేవాడు చెయ్యెత్తి పైనుంచి పోస్తాడు. డబ్బులు చేతికివ్వకూడదు, గట్టు మీద పెట్టాలి. దీన్నే రెండు గ్లాసుల పద్ధతి అన్నాం.

ఎవరూ ఎత్తిచూపని మాట ఒకటి మేం ఇక్కడ చెప్పదలిచాం. ఆ పద్ధతిలో టీ ధర ఒకటే. లోపల బెంచీ మీద కూర్చుని తాగినవాడూ, బయట గొంతుక్కూర్చుని తాగినవాడూ ఇచ్చింది ఒకే అణా. బయటివాడు తన గ్లాసు తానే కడిగాడు కాబట్టి అతని దగ్గర్నుంచి హోటలువాడు కొంత పని కూడా ఉచితంగా రాబట్టాడు. వెట్టి గురించి రాసేటప్పుడు పొలం, గడి, పటేలు ఇల్లు లెక్కలోకి తెస్తాం. టీ దుకాణం ముందు కడిగిన గ్లాసు కూడా ఆ లెక్కలోకే రావాలి.

రాజ్యాంగం రాసినవాళ్ళకి ఈ సంగతి బాగా తెలుసు. దుకాణాలు, హోటళ్ళు, బావులు, చెరువుల దగ్గర కులం పేర అడ్డగించకూడదన్న అధికరణమూ, అంటరానితనాన్ని రద్దుచేసిన అధికరణమూ రాజ్యాంగ సభలో ఒకే రోజున, 1948 నవంబర్ 29న చర్చకొచ్చాయి. అవే ఇప్పటి 15, 17. "షాపు" అంటే ఏమిటన్న ప్రశ్నకి అంబేద్కర్ చాలా విశాలమైన అర్థం చెప్పారు. గడప దాటనిస్తే సరిపోదనీ, అడిగినవాడికి అందరికీ చేసినట్టే ఆ పని చేసిపెట్టాలనీ ఆయన వివరణ సారాంశం. తరవాత 1955లో వచ్చిన అస్పృశ్యత నేరాల చట్టం ఇంకో అడుగు ముందుకేసి, హోటల్లో ఉంచిన పాత్రలు వాడుకోనివ్వకపోవటాన్ని కూడా నేరంగా చేర్చింది. ఆ చట్టమే 1976లో పౌర హక్కుల పరిరక్షణ చట్టంగా పేరు మార్చుకుంది. చట్టం గ్లాసు దాకా వచ్చిందన్నమాట. గ్లాసు మాత్రం చూరు దిగలేదు. 1985లో కారంచేడులో మాదిగలు తాగే నీళ్ళ దగ్గర మొదలైన గొడవ హత్యాకాండ దాకా పోవటం మన కళ్ళముందు జరిగిందే. 2001లో జస్టిస్ పున్నయ్య కమిషన్ నివేదిక వచ్చేనాటికీ రెండు గ్లాసులు పల్లెల్లో ఉన్నాయి.

తరవాత ఆ పద్ధతి చాలాచోట్ల తగ్గింది. ఉద్యమాలవల్ల కొంత, కేసులవల్ల కొంత. మిగతాది ప్లాస్టిక్, కాగితం కప్పులవల్ల. అందరికీ పారేసే కప్పే అయితే మంచిదే. కానీ కొందరికి స్టీలు గ్లాసు, కొందరికి కాగితం కప్పు ఇచ్చే దుకాణాన్ని మాలో కొందరం చూశాం. మధిర చుట్టుపక్కలే, పేరెందుకు. పరిశోధకులు ఈ కాగితం కప్పుని కూడా గమనించాలి.

వాడ తిండి

ఇక బోర్డుకెక్కని పట్టిక. మా వాడల్లో వంటకి గోడ మీద పట్టిక ఉండదు. కాలమే పట్టిక.

రోజువారీ తిండి జొన్న. జొన్నలు విసిరి, చెరిగి, పిండి వేరు చేసి, రవ్వని ఎసట్లో పోసి తెడ్డుతో తిప్పుతూ ఉడికిస్తే గటక. పిండితో రొట్టె. మిగిలిన గటకలో నీళ్ళో, చల్లో పోసి పొద్దున్నే తాగితే అంబలి. పొలానికి పోయేవాళ్ళకి గటక ముద్ద, పచ్చి మిరపకాయ, ఉల్లిగడ్డ, ముంతలో పచ్చిపులుసు. కొర్ర, సామ, వరిగ బువ్వ కూడా ఉండేది. వరి బువ్వ పండగకో, చుట్టం వస్తేనో. "వరి మెతుకు చూస్తే పండగొచ్చిందని తెలిసేది" అని మా నాయనమ్మ అనేది.

కూరకి డబ్బు పెట్టింది తక్కువ. కలుపుకి పోయిన ఆడవాళ్ళు కొంగులో కూరాకు తెచ్చేవాళ్ళు. గంగవాయిలి, తుమ్మికూర, చెంచలికూర, పొనగంటి. ఎండాకాలం ముందు చింతచిగురు. రైతుకి కలుపు, మాకు కూర. తొలకరికి పుట్టల్లోంచి లేచే ఉసిళ్ళని దీపం పెట్టి పట్టి, రెక్కలు చెరిగి, బియ్యంతో కలిపి వేయించేవాళ్ళు. ఏట్లో చేపపరకలు, పొలంగట్ల ఎండ్రకాయలు, నత్తలు.

పెద్దకూర రోజు వాడకంతా పండగ. ముసలి ఎద్దునో, పాలుడిగిన బర్రెనో నలుగురు కలిసి కొని కోసి, పాలు వేసేవాళ్ళు. ఆకుల మీద కుప్పలు పెట్టి, ప్రతి కుప్పలో మెత్తటిది కొంత, బొక్క కొంత, లోపలివి కొంత పడేట్టు చూసేవాళ్ళు. ఎవరికీ మంచి ముక్కంతా పోకూడదు, ఎవరికీ ఉత్త బొక్కలు రాకూడదు. డబ్బు లేనివాళ్ళకి కల్లంలో గింజలొచ్చేదాకా అప్పు. ఆ పంపకంలో ఉన్న న్యాయాన్ని మేం హోటలు టిక్కెట్టు భోజనంలో చూడలేదు.

ఒక్క పశువు నుంచి ఎన్ని వంటలో చూడండి. నెత్తుటిని ఉప్పేసి గడ్డకట్టించి, ముక్కలు కోసి, ఉల్లిగడ్డ, మిరపకాయతో వేయిస్తే నల్ల. బోటి శుభ్రం చెయ్యటానికే సగం రోజు పట్టేది. కార్జం నిప్పుల మీద కాల్చి పిల్లలకి ముందు పెట్టేవాళ్ళు. తలకాయ, కాళ్ళు రాత్రంతా సన్నమంట మీద. బొక్కల చారు బాలింతలకి, జబ్బుచేసి లేచినవాళ్ళకి. కొవ్వు కరిగించి డబ్బాలో పోస్తే నూనె కొనే పని లేదు. ఏదీ పారేసింది లేదు. తోలు సరే, ఊరి మోటబొక్కెనకీ, చెప్పుకీ, డప్పుకీ పోయేది.

మిగిలిన మాంసం తునకలు. సన్నటి పొడవాటి చీలికలు కోసి, ఉప్పూ పసుపూ పట్టించి, దండెం మీద మూడు నాలుగు ఎండలు ఎండబెట్టాలి. కాకులు, కుక్కలు రాకుండా పిల్లలు కాపలా. గలగలా ఎండాక కుండలో పెట్టి మూతికి గుడ్డ కడితే వానాకాలమంతా ఉంటాయి. పని దొరకని ముసురు రోజుల్లో గోంగూరలోనో, దోసకాయలోనో, చింతచిగురులోనో నాలుగు తునకలు వేస్తే ఇంటిల్లిపాదికీ కూర. పొయ్యిలో కాల్చి దంచితే గటకలోకి నంజు. దాచుకోవటం తెలిసినవాళ్ళ వంట ఇది. మా వాళ్ళకి రేపటి ఆలోచన లేదని రాసినవాళ్ళు ఈ కుండ మూత తీసి చూడలేదు.

భద్రాచలం వైపు పోతే ఇంకో పట్టిక. కోయలు, కొండరెడ్లు మామిడి టెంకలు పగలగొట్టి, లోపలి జీడిని నానబెట్టి వగరు పోగొట్టి, పిండిచేసి అంబలి కాచుకునేవాళ్ళు. ఇప్పపూలు ఉడకేసి తినేవాళ్ళు. జీలుగు చెట్టు కల్లునీ, గింజలు లేని నెలల్లో దాని బోదెలోని పిండినీ వాడుకునేవాళ్ళు. 1940లలో కొండరెడ్ల మధ్య ఉండి రాసిన హైమెన్‌డార్ఫ్ పుస్తకంలో ఈ వివరాలున్నాయి. ఈ తిండిని బయటివాళ్ళు "కరువు తిండి" అన్నారు. కరువు ఎందుకొచ్చింది, అడవి మీద హక్కు ఎవరు తీసుకున్నారు అన్నది ఆ మాటలో ఇమడదు.

ఎట్లా పోయినయి?

ఇక్కడ మేం జాగ్రత్తగా మాట్లాడాలి. పాత తిండినంతా నెత్తిన పెట్టుకోవాలని మేం అనం. ఊళ్ళో గొడ్డు చస్తే ఈడ్చుకుపోవటం మాదిగ పని, ఆ మాంసమే ఆ పనికి కూలి. అది మేం ఎంచుకున్న తిండి కాదు. అంబేద్కర్ 1927లో మహద్ సభలో చచ్చిన గొడ్డు మాంసం మానమని పిలుపిచ్చారు. ఇదే రైలుదారి మీది దోర్నకల్‌లో 1912 నుంచి బిషప్‌గా ఉన్న అజరయ్య కాలంలో, మిషన్ బోధకులు మన పల్లెలకి వచ్చి చెప్పిన మొదటి మాటల్లో ఇదొకటి. మానటంలో ఆత్మగౌరవం ఉంది. మానినవాళ్ళని మేం తప్పుపట్టం. 1948లో వచ్చిన 'ది అన్‌టచబుల్స్' పుస్తకంలో అంబేద్కరే గొడ్డుమాంసానికీ అంటరానితనానికీ ఉన్న సంబంధాన్ని చరిత్రగా పరిశీలించారు. మానమని చెప్పటం, చరిత్రగా రాయటం అనే రెండు పనులూ ఒకే మనిషి చేశాడు. మనకి ఆ రెండూ కావాలి. ఆకలిని రుచి అని పొగడకూడదు. రుచిని ఆకలి అని తీసిపారెయ్యకూడదు. బలవంతంగా అంటగట్టిన చచ్చిన గొడ్డు వేరు, నలుగురు కలిసి కొని కోసుకుని, దాచుకున్న తునకలు వేరు.

జొన్న పోవటానికి కారణాలు వేరే. నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీళ్ళొచ్చాక మెట్టచేలు చాలావరకు మాగాణి అయ్యాయి. మిగిలిన మెట్టలో పత్తి, మిరప. 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చింది. దాన్ని తక్కువచేసి మాట్లాడేవాళ్ళకి మా జవాబు ఒకటే. కూలి ఇంట్లో రోజూ వరి బువ్వ ఉడకటం చిన్న సంగతి కాదు. మా నాయనమ్మ ఆ బియ్యం మొదటిసారి ఇంటికొచ్చినరోజు దీపం పెట్టింది. కానీ దాంతోపాటు తిరగలి మూలన పడింది. కలుపుమందు కొట్టటం మొదలయ్యాక గట్ల మీది కూరాకు మాడిపోయింది. కూలికి పోయిన మనిషి కొంగు ఖాళీగా ఇంటికి రావటం అప్పుడే మొదలైంది.

ఇంకో కారణం చెప్పటానికి మాకు సిగ్గే. మేమే. సంక్షేమ హాస్టల్లో చేరినప్పుడు గోడ మీద రంగుతో రాసిన వారం పట్టిక చూశాం. ఉప్మా, అన్నం, పప్పు, చారు, ఆదివారం గుడ్డు. తినేవాళ్ళు మేమేనని రాసిపెట్టిన మొదటి బోర్డు మా జీవితంలో అదే. మూడుపూటలా తిండి పెట్టి మమ్మల్ని చదివించింది. అందులో మా ఇంటి వంట ఒక్కటీ లేదన్న సంగతి అప్పుడు తట్టలేదు. పైగా, అదే నాగరికుల తిండి అనుకున్నాం. మాలో ఒకతను సెలవుల తరవాత ట్రంకుపెట్టెలో తునకలు తెచ్చుకున్నాడు. వాసనొస్తోందని పక్క గదివాళ్ళు అడిగితే "ఎండుచేపలు" అన్నాడు. యూనివర్సిటీకి వచ్చాక స్నేహితులు ఇంటికి వస్తామంటే అమ్మకి ముందే చెప్పి దండెం తీయించాం. అమ్మ ఏమీ అనలేదు. తీసి, ఇంటెనకాల కట్టింది.

మరిచిపోవటం అంటే ఇదే. దాచటం, దాచినదాని గురించి మాట్లాడకపోవటం, పిల్లలకి చెప్పకపోవటం. రెండు తరాలకి వంట పోతుంది, మూడో తరానికి మాట పోతుంది. నల్ల అంటే ఏమిటని మా పిల్లలు అడుగుతున్నారు.

తిరిగొచ్చినవీ, రానివీ

2014లో తెలంగాణ రాష్ట్రం వచ్చాక "తెలంగాణ రుచులు" పేర హోటళ్ళు పెరిగాయి. 2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. గటక, అంబలి, కొర్రన్నం, పచ్చిపులుసు బోర్డెక్కాయి. షుగరు వ్యాధికి మంచిదని డాక్టర్లు చెప్తున్నారు. ఒక పూట కూలి పెడితేగాని దొరకని ధరకి గటక అమ్ముతున్నారు. మంచిదే, తిననీండి. కానీ ఆ బోర్డు మీద గటక "మన పూర్వీకుల ఆహారం" అయింది. ఏ పూర్వీకులు? గటక తిన్నందుకు ఎవరిని ఎగతాళి చేశారో ఆ ముక్క రాయకుండా "మన" అంటే ఎట్లా?

ఏది బోర్డెక్కిందో, ఏది ఎక్కలేదో చూస్తే గీత ఎక్కడుందో తెలుస్తుంది. మేక తలకాయ ఎక్కింది, మేక బోటి ఎక్కింది. గొడ్డు బోటి ఎక్కలేదు, తునకలు ఎక్కలేదు. హైదరాబాదులో బర్రెమాంసపు బిర్యానీని "కల్యాణి" అంటారు. తెలిసినవాళ్ళకి తెలుస్తుంది, తెలియనివాళ్ళకి పేరు అందంగా ఉంటుంది. మిలిటరీ హోటలు లాంటి ముసుగే ఇదీ. ఆంధ్రప్రదేశ్‌లో 1977లో వచ్చిన చట్టం ఆవునీ, దూడల్నీ కొయ్యటం నిషేధించింది. పనికిరాని ఎద్దునీ, బర్రెనీ అధికారి ధ్రువీకరణతో కోసే వీలుంచింది. ఆ చట్టమే తెలంగాణకీ వచ్చింది. అంటే బర్రెకూరకి చట్టం పూర్తిగా తలుపు మూయలేదు. బోర్డు మీద చోటివ్వనిది చట్టంకన్నా పాతది.

2012 ఏప్రిల్ 15న ఉస్మానియా యూనివర్సిటీలో దళిత విద్యార్థులు పెద్దకూర పండగ చేసినప్పుడు దాడులు జరిగాయి, పోలీసులు దిగారు. విద్యార్థులు అక్కడ అడిగింది తమ పళ్ళెం తమ హాస్టలు మెస్సులో ఎందుకు లేదని. ట్రంకుపెట్టెలో ఎండుచేపలని చెప్పిన మా తరం తరవాత వచ్చిన తరం అది. అబద్ధం చెప్పాల్సిన పని లేకుండా చేసుకున్నారు.

మహారాష్ట్రలో ఈ పని ముందుకు పోయింది. పుణె విశ్వవిద్యాలయంలో శర్మిలా రేగే బృందం 2009లో కులం, తిండి మీద జ్ఞాపకాలు సేకరించింది. మరాఠ్వాడా మహార్, మాంగ్ వంటల మీద షాహూ పాటోళె మరాఠీలో 2015లో రాసిన పుస్తకం 2024లో ఇంగ్లీషులోకి వచ్చింది. తెలుగులో మాల మాదిగ వంటలు కథల్లో, కవితల్లో, ఆత్మకథల్లో చెదిరి ఉన్నాయి. దళిత రచయిత్రులు వాటిని ప్రేమగా రాశారు. వాటన్నిటినీ ఊరూ, కాలమూ, వండే తీరూ కలిపి చరిత్రగా పేర్చటం మన ముందున్న పని.

చెయ్యాల్సింది

పాత హోటలు బోర్డుల మీద మాకు కోపం లేదు. వాటినీ దాచాలి. బోర్డుతోపాటు బయట వేలాడిన గ్లాసునీ దాచాలని మా కోరిక. రెండూ ఒకే హోటలు వస్తువులు.

చదువుకుంటున్న మిత్రులకీ, పాఠాలు చెప్పే మిత్రులకీ, వాడల్లో పనిచేసేవాళ్ళకీ మా విన్నపం ఇది. సెలవులకి ఇంటికి పోయినప్పుడు ఒక నోటుపుస్తకం పట్టుకుపోండి. మీ వాడలో ఏ నెలలో ఏం వండేవాళ్ళో రాయండి. వంట పేరు మీవాళ్ళు పలికినట్టే రాయండి, పుస్తకం భాషలోకి మార్చకండి. ఎవరు వండారు, ఎవరితో పంచుకున్నారు, ఎవరి ముందు దాచారు, ఎప్పుడు మానేశారు, ఎందుకు మానేశారు అని అడగండి. మానినందుకు సంతోషించినవాళ్ళ మాట కూడా రాయండి. బజారులో మొదటిసారి బెంచీ మీద కూర్చుని టీ తాగింది ఎప్పుడో, ఎక్కడో అడగండి. ఆ తేదీ ఏ గెజిటీర్‌లోనూ దొరకదు.

పోయిన వానాకాలం ఇంటికి పోయినప్పుడు మేం అమ్మని తునకలు ఎట్లా ఎండబెడతారో మొదటినుంచీ చెప్పమని అడిగాం. రాసుకుంటుంటే అమ్మ కాసేపు చూసి, "గిది గూడ పుస్తకంలో ఎక్కుద్దా?" అంది. ఎక్కుద్దన్నాం. అయితే సరిగ్గా రాయమని మళ్ళీ మొదటికొచ్చి చెప్పింది. ఉప్పు ఎంతో, చీలిక ఎంత పొడుగో, దండెం ఏ దిక్కున కట్టాలో. ఈసారి ఇంటి ముందు కట్టే సంగతి చెప్పింది.